మూడో కంచం ఎవరిది? విద్యార్థులు తీసిన థ్రిల్లర్ ట్రైలరును విశ్లేషించడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను. మీరు విజయనగరంలో డిగ్రీ చదువుతున్నారు. మీ సీనియర్లు చీపురుపల్లి వైపు ఒక పల్లెలో ఫోనుతో చిత్రీకరించిన 1 నిమిషం 52 సెకన్ల థ్రిల్లర్ ట్రైలరును విశ్లేషించమని మీకు పని అప్పగించారు. అందులో కనిపించిన 17 టెక్నిక్‌లను వరుసగా పేర్కొని, ఒక్కొక్కదాని ఎదుట దాని ప్రయోజనాన్ని రాసి ఇస్తే, "ఇది జాబితా, విశ్లేషణ కాదు" అన్న ఒక్క వాక్యంతో మీ లెక్చరరు గారు తిప్పి పంపారు. ఆ రెంటికీ తేడా ఏమిటన్నది మీ ప్రశ్న. మీరు పంపిన ట్రైలరును ఏడు సార్లు చూశాను, మీ వ్యాసాన్ని రెండు సార్లు చదివాను. హైదరాబాదు ఎడిటింగు గదుల్లో 22 ఏళ్ళు పనిచేసి మళ్ళీ ఈ ఊరికే వచ్చి చేరినవాణ్ణి కనుక, ఆ చెరువు గట్టు, ఆ మిల్లు, ఆ మాట తీరు నాకు ఇంటివే. అందువల్ల కొంత పక్షపాతం కూడా ఉండవచ్చు, దానిని మీరే తీసివేసుకుని చదవండి.

ట్రైలరు చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెప్పాలి. పదేళ్ళ క్రితం మూతపడిన ఒక ధాన్యం మిల్లు నుంచి రాత్రివేళ కూత వినిపిస్తూ ఉంటుంది. పట్నంలో చదువుతున్న అమ్మాయి, కనబడకుండా పోయిన అన్నను వెతుక్కుంటూ అమ్మమ్మ ఊరికి వస్తుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా అమ్మమ్మ మూడు కంచాలు పెడుతుంది. అమ్మమ్మ వద్దన్నా వినకుండా అమ్మాయి మిల్లులోకి వెళుతుంది. అంతే, మిగతాదంతా ముక్కలు ముక్కలుగా కనబడే భయం. ఈ ట్రైలరు వెనుక పూర్తి సినిమా ఏదీ లేదు, ఉండబోదు కూడా. ఈ సంగతి విశ్లేషణలో చాలా ముఖ్యం, తరువాత దాని దగ్గరికి వస్తాను.

మీ లెక్చరరు గారు చెప్పింది నిజమే. మీ వ్యాసంలోని మూడు వాక్యాలను చూడండి: "లో యాంగిల్ వాడడం వల్ల మిల్లు శక్తిమంతంగా కనిపిస్తుంది. ఎరుపు రంగు ప్రమాదానికి సంకేతం. వేగమైన కట్లు ఉత్కంఠను పెంచుతాయి." వీటిలో అబద్ధమేమీ లేదు. కానీ ఏ పెళ్ళిలోనైనా అవే మంగళాష్టకాలు చదివినట్టు, ఈ మూడు వాక్యాలను ప్రపంచంలోని ఏ థ్రిల్లర్ ట్రైలరు కింద అతికించినా అతుక్కుంటాయి. ఈ ట్రైలరుకు మాత్రమే చెల్లే మాట వాటిలో ఒక్కటీ లేదు. ఎడిటింగు గదిలో మేము ఒక షాటు విలువ తేల్చుకోవడానికి చేసే పని చాలా మోటుది: దానిని తీసేసి మళ్ళీ చూస్తాము. తీసేశాక ప్రేక్షకుడు ఎదురుచూసేది మారకపోతే ఆ షాటు దండుగ. మీరు కూడా ప్రతి టెక్నిక్‌ను మనసులోనే తీసేసి చూడండి. ఏమి మారిందో రాయగలిగితే అది విశ్లేషణ అవుతుంది, రాయలేకపోతే ఆ టెక్నిక్ పేరు మీ వ్యాసంలో ఉండనవసరం లేదు. మీ 17లో నా లెక్క ప్రకారం ఆరింటికి మించి నిలబడవు.

చూసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. మొదటిసారి ఆపకుండా చూడాలి, రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడాలి, మూడోసారి ఫోను బోర్లా పెట్టి వినాలి. ఆ తరువాతే షాట్ల పట్టిక వేసుకోవాలి: వరుస సంఖ్య, మొదలైన సమయం, నిడివి, షాటు పరిమాణం (దగ్గరగా తీసినదా, దూరంగా తీసినదా), శబ్దం. చివరి గడి మాత్రం ఎవరూ వేయరు, మీరు వేయండి. ఈ షాటు ముగిసేసరికి ప్రేక్షకుడికి ఏమి తెలుసు, పాత్రకు ఏమి తెలుసు అన్నది ఆ గడి. నేను వేసుకున్న పట్టికలో 60 షాట్లు తేలాయి. మొదటి 40 సెకన్లలో 9 షాట్లు, తరువాతి 44 సెకన్లలో 22, ఆ తరువాత 20 సెకన్లలో 27, చివరి 8 సెకన్లలో టైటిలుతో కలిపి 2. "కట్లు వేగంగా ఉన్నాయి" అని రాయడానికి బదులు ఈ అంకెలు ఇస్తే, సగటు షాటు నాలుగున్నర సెకన్ల దగ్గర మొదలై రెండు సెకన్లకు, అక్కడి నుంచి ముప్పావు సెకనుకు కుదించుకుపోయిందని పాఠకుడికి కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇక ఆ చివరి గడి ఎందుకో చెబుతాను. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణను మీరు వినే ఉంటారు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుండగా ఎవరికీ తెలియని బాంబు పేలితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు దక్కుతుంది. బాంబు ఉన్న సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిసి, కూర్చున్నవారికి తెలియకపోతే 15 నిమిషాల ఉత్కంఠ దక్కుతుంది. దీనికి మూడో సందర్భాన్ని కూడా చేర్చుకోవాలి: పాత్రకు తెలిసిన సంగతి ప్రేక్షకుడికి తెలియనప్పుడు పుట్టేది రహస్యం. ఎవరికి ఎక్కువ తెలుసు అన్న ఈ తూకం మీ సీనియర్ల ట్రైలరులో ఒకచోట స్థిరంగా లేదు, అది అటూ ఇటూ మారుతుంది. మొదట అమ్మమ్మకు తెలిసినది మనకు తెలియదు. మధ్యలో మనకు తెలిసినది అమ్మాయికి తెలియదు. చివరి భాగంలో మళ్ళీ మనమే ఏమీ తెలియనివాళ్ళమవుతాము. మీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలని నా అభిప్రాయం. లో యాంగిల్ (కెమెరాను కింద నుంచి పైకి చూసేలా పెట్టడం), డచ్ యాంగిల్ (ఫ్రేమును ఒక పక్కకు వాల్చడం), టార్చి వెలుగు అన్నీ ఈ తూకాన్ని ఎటు వంచుతున్నాయో చెప్పడానికే రావాలి.

మధ్య భాగంలోని తలుపు షాటును తీసుకోండి, 0:58 దగ్గర వస్తుంది. అమ్మాయి ఫ్రేములో ఎడమవైపు, దగ్గరగా, స్పష్టంగా ఉంటుంది. ఆమె వెనుక కుడివైపు, మసకగా కనబడే ఆఫీసు గది తలుపు మెల్లగా మూసుకుంటుంది. దగ్గరిది స్పష్టంగా, వెనుకది మసకగా ఉంచే ఈ పద్ధతిని మీరు "డెప్త్ ఆఫ్ ఫీల్డ్ వాడకం" అని ఒక్క పంక్తిలో దాటేశారు. ఇక్కడ గమనించవలసినవి మరో రెండు ఉన్నాయి. మొదటిది నిడివి. చుట్టూ ఉన్న షాట్లు రెండేసి సెకన్లు ఉంటే ఇది నాలుగు సెకన్లకు పైగా నిలుస్తుంది, ఎందుకంటే మసకలో కదులుతున్నది తలుపేనని గుర్తుపట్టడానికి మన కంటికి కొంత వ్యవధి కావాలి. రెండోది శబ్దం లేకపోవడం. విద్యార్థుల ట్రైలర్లలో తలుపు కదిలిందంటే కిర్రుమనే శబ్దం ఇంటర్నెట్ నుంచి దిగవలసిందే. ఇక్కడ పెట్టలేదు. పెట్టి ఉంటే అమ్మాయికి కూడా వినబడాలి, ఆమె వెనుదిరగాలి, అప్పుడు మన దగ్గరున్న అదనపు సమాచారం చేజారిపోయేది. ఆ కిర్రును పెట్టకుండా ఆగిన చేతికి నేను మార్కులు వేస్తాను.

ఇప్పుడు ఈ ట్రైలరులో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు పట్టి ఉంచిన చోటుకు వస్తాను. మీ వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు. 0:29 దగ్గర టాప్ యాంగిల్లో నేల మీద మూడు కంచాలు కనిపిస్తాయి. రెండు చేతులు అన్నం కలుపుతున్నాయి, మూడో కంచం ముందు ఎవరూ లేరు. వెంటనే 0:33 దగ్గర అమ్మమ్మ ముఖం క్లోజప్‌లో వస్తుంది. ఆమె ఏమీ అనదు, ఎటో చూస్తూ ఉంటుంది. ఆ ముఖంలో మనకు దుఃఖం కనిపిస్తుంది, మనవడి కోసం కంచం పెట్టుకునే ముసలామెగా ఆమెను అర్థం చేసుకుంటాము. మళ్ళీ 1:34 దగ్గర, కట్లు పరుగెడుతున్న సమయంలో, మిల్లులో నేల మీద పడి ఉన్న టార్చి తరువాత అమ్మమ్మ ముఖం మూడు సెకన్లు వస్తుంది. ఈసారి ఆ ముఖంలో మనకు కనబడేది నేరం, కనీసం ఏదో దాస్తున్న గుట్టు. "ఈమెకు అంతా తెలుసు" అనుకుంటాము.

ఆ రెండు షాట్లూ ఒకే టేకు. రెండోసారి కొంచెం జూమ్ చేసి, రంగును నీలం వైపు దించారు కనుక వెంటనే పట్టుబడదు. భుజం మీది చీర అంచును చూడండి, ఒక ఈగ వాలి, రెండడుగులు నడిచి, లేచిపోతుంది. రెండు చోట్లా అదే ఈగ.

సుమారు నూరేళ్ళ కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసినట్టు చెప్పుకునే ప్రయోగం ఇదే. ఇవాన్ మొజుఖిన్ అనే నటుడి ముఖం షాటు ఒక్కటే తీసుకుని, దానిని సూపు గిన్నెతో, శవపేటికతో, పడక మీది స్త్రీతో జతచేసి చూపితే, చూసినవారు ఆ ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, కోరికను చూశారట. ముఖం మారలేదు, పక్కనున్న షాటు మారింది. దీనిని పాఠంలో చదివి పరీక్షలో రాసినవారు చాలామంది ఉంటారు. కానీ మీ సీనియర్లు దీనిని పాఠం గుర్తుంచుకుని చేశారో, అమ్మమ్మగా నటించిన పెద్దావిడ ఒక్క టేకు తరువాత "ఇక నావల్ల కాదు" అని లేచి వెళ్ళిపోతే గత్యంతరం లేక చేశారో నాకు తెలియదు. నా అనుభవాన్ని బట్టి రెండోదే ఎక్కువ నమ్మదగినది. విశ్లేషకుడిగా మీకు ఆ తేడా అంత ముఖ్యం కాదు. అవసరం కొద్దీ వాడిన షాటు అయినా, దానిని ఎక్కడ వాడాలన్నది మాత్రం ఎవరో కూర్చుని తేల్చుకున్న విషయమే. పరుగెత్తే 27 షాట్లలో ఇది ఒక్కటే మూడు సెకన్లు నిలిచింది, మిగతా 26 షాట్లు కలిసి 17 సెకన్లు, అంటే ఒక్కొక్కటి సుమారు 16 ఫ్రేములు, సెకనులో మూడింట రెండు వంతులు. ఆ పరుగులో ఈ నిలకడ లేకపోతే ప్రేక్షకుడికి అనుమానించే తీరికే ఉండదు. "వేగమైన కట్లు ఉత్కంఠను పెంచుతాయి" అన్న మీ వాక్యం ఇక్కడ తలకిందులవుతుంది. ఉత్కంఠ పెరిగింది వేగం తెగిన చోట. ఈ ఒక్క జంట షాట్ల మీదే ఒక పుట రాయవచ్చు, రాయాలి కూడా.

శబ్దం గురించి మీరు "సస్పెన్స్ మ్యూజిక్ బాగుంది" అని సరిపెట్టారు. ట్రైలరులో సగం బరువు అక్కడే ఉంది. మిల్లు కూత అంటే ఏమిటో మీ తరానికి తెలియకపోవచ్చు. మా చిన్నతనంలో నెల్లిమర్ల, విజయనగరం జూట్ మిల్లుల చుట్టుపక్కల షిఫ్టు మారే కూతే చాలా ఇళ్ళకు గడియారం. ఆ పాత సైరనులో రంధ్రాలున్న చక్రం తిరుగుతూ గాలిని తెగ్గొడుతుంది. చక్రం వేగం అందుకుంటున్నకొద్దీ కూత పైకి లేస్తుంది, కరెంటు ఆపాక చక్రం మెల్లగా ఆగుతుంటే కూత కిందికి జారుతూ చచ్చిపోతుంది. లేవడం, నిలవడం, దిగడం అనే ఈ మూడు దశలను గుర్తుంచుకుని ట్రైలరును మళ్ళీ వినండి. మొదటి 7 సెకన్లు తెర నల్లగా ఉంటుంది. కీచురాళ్ళ చప్పుడు మధ్య దూరంగా కూత లేస్తుంది, నిలుస్తుంది, కానీ దిగకముందే కట్ చేసి పగటి వెలుతురులో బస్సు చూపిస్తారు. 0:52 దగ్గర మళ్ళీ లేస్తుంది, మళ్ళీ దిగనివ్వరు. 1:24 నుంచి ఒక కూత పైకి చేరేలోపే కింద నుంచి మరో కూతను మొదలుపెట్టి, ఒకదాని మీద ఒకటి వేశారు. ఎంతసేపు విన్నా పైకి పోతూనే ఉన్నట్టు అనిపించే భ్రమ ఒకటి ఉంది, రోజర్ షెపర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో వివరించిన శబ్దం అది. వీరు చేసినది అచ్చంగా అదే కాకపోయినా, దాని దరిదాపుల్లోనే ఉంది. చివరికి టైటిలు పడినప్పుడు మాత్రమే, మొట్టమొదటిసారి, కూత కిందికి దిగుతుంది. 1 నిమిషం 44 సెకన్లపాటు మనం ఊపిరి బిగబట్టడానికి కారణం ఆ దిగుడును దాచిపెట్టడమే.

దీనికి మరో పొర ఉంది. మొదటిసారి కూత కథలోని శబ్దం, పాత్రలు కూడా వింటాయి. 1:24 తరువాత దానినే సాగదీసి, స్థాయి తగ్గించి ఆర్.ఆర్.లో (రీ-రికార్డింగులో) కలిపేశారు, అప్పుడది పాత్రలు వినని నేపథ్య సంగీతం. ఒకే శబ్దం కథ లోపలి నుంచి బయటికి ఎప్పుడు దాటిందో గుర్తించలేనంత నున్నగా దాటింది. అయితే ఇక్కడ ఒక లోపాన్ని కూడా చెప్పాలి. బాగా కిందికి దించిన ఆ మంద్ర ధ్వని ఇయర్‌ఫోనులో గుండెకు తగులుతుంది గాని, ఫోను స్పీకరులో దాదాపు వినబడదు. అంత చిన్న స్పీకరు అంత లోతైన శబ్దాన్ని పలికించలేదు. ఇలాంటి ట్రైలరును ఎక్కువమంది చూసేది ఫోనులోనే కనుక, పైస్థాయి శబ్దాన్ని కూడా కొంత మిగిల్చి ఉండవలసింది. మీరు దేనితో విన్నారో వ్యాసంలో తప్పకుండా రాయండి.

కూత కాక మిగిలిన సంగీతం మాత్రం ఉచితంగా దొరికే లైబ్రరీ సరుకు, వంద ట్రైలర్లలో విన్నదే. 1919లో స్థాపించిన సంగీత కళాశాల ఈ ఊరి నడిబొడ్డున ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు అది. అక్కడి విద్యార్థి ఎవరినైనా పిలిచి, కమాను తీగ మీద ఒక్క స్వరం అర నిమిషం లాగి పట్టమని అడిగి ఉంటే అది ఈ ట్రైలరుకు సొంత గొంతు అయ్యేది. ఇది విశ్లేషణలో భాగం కాదు, ఊరివాడి ఆక్రోశం.

భాష సంగతి కూడా టెక్నికే. 0:41 దగ్గర మిల్లు గేటు ఖాళీగా కనబడుతుండగా అమ్మమ్మ గొంతు వినిపిస్తుంది: "ఆ మిల్లు కాడికి ఎల్లొద్దని సెప్పినానా?" ఆ మాట అంటున్న మనిషిని చూపరు. తరువాతి షాటుకు చెందిన శబ్దం ముందే రావడాన్ని జె-కట్ అంటారని మీరు రాశారు. కానీ జె-కట్ అయితే ఆ తరువాత మాట్లాడే మనిషి కనబడాలి. ఇక్కడ ఆమె పెదవులు కదలడం ఎక్కడా చూపలేదు. అంటే ఆ హెచ్చరిక ఆమె నోటి నుంచి వచ్చినట్టు కాక, ఆ గేటుకే అంటుకున్నట్టు వినిపిస్తుంది. డబ్బింగులో పెదవుల కదలికకు మాట కుదర్చవలసిన శ్రమ కూడా తప్పింది. ఇంకొకటి గమనించారా? అమ్మాయి మొదట ఫోనులో మాట్లాడే తెలుగు పట్నం తెలుగు, "ఇక్కడ ఎవరూ లేరు" అంటుంది. 1:10 దగ్గర, మిల్లులో, చీకట్లో, ఆమె నోటి వెంట వచ్చే ఒకే ఒక్క మాట "ఎవులు?", అంటే మన యాసలో "ఎవరు?". భయం ఆమెను చిన్ననాటి భాషలోకి నెట్టింది. మన ప్రాంతం వారికి ఆ ఒక్క పదంతో ఒళ్ళు జలదరిస్తుంది. గోదావరి దాటాక ఆ జలదరింపు పనిచేయకపోవచ్చు. ఏ ప్రేక్షకుడి కోసం అన్న ప్రశ్న విశ్లేషణలోకి ఇలాంటి చోట్లనే వస్తుంది.

రంగు విషయం కూడా ఆ ప్రశ్నతో ముడిపడినదే. గేటుకు కట్టి ఉన్న ఎర్రగుడ్డ మీద మీరు "ఎరుపు ప్రమాదానికి సంకేతం" అని రాశారు. ఏటా దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూసే ఊరివారికి ఎరుపు అంటే మొదట గుర్తొచ్చేది కుంకుమ, అమ్మవారు, మొక్కు. ఆ గుడ్డ ముడివేసిన తీరు కూడా హెచ్చరిక జెండాలా లేదు, ముడుపు కట్టినట్టు ఉంది. ఎవరో ఆ మిల్లుకు మొక్కుకున్నారు. ఎవరు, దేనికోసం? మూడో కంచం పెట్టిన చేయేనా? ఇలా చదివితే ఆ గుడ్డ కథలోకి వస్తుంది, ప్రమాదం అని చదివితే రోడ్డు పక్క బోర్డులా నిలిచిపోతుంది. నా చదువు తప్పు కావచ్చు, కానీ దానికి ఆధారం ఫ్రేములోనే ఉంది. రంగుల అర్థాల పట్టిక నుంచి తెచ్చుకున్నది కాదు.

ఇప్పుడు మీరు మెచ్చుకున్న ఒకదానిని కాదనవలసి వస్తోంది. 1:02 దగ్గర మిల్లు ఆఫీసు గదిలో ట్యూబులైటు వెలుగులో ఫ్రేము మీద అడ్డంగా నల్లటి పట్టీలు పాకుతాయి. దీనిని మీరు "భయాన్ని సూచించే ఫ్లికర్ ఎఫెక్ట్" అన్నారు. అది ఎఫెక్ట్ కాదు, పొరపాటు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల పాత చోక్ ఉన్న ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. మన కంటికి అది తెలియదు గాని, ఫోను కెమెరా ఆటోలో ఉండి షట్టరు సెకనులో 1/60 వంతు దగ్గర ఆగితే ఆ హెచ్చుతగ్గులు పట్టీలుగా పడతాయి. 1/50 గాని 1/100 గాని పెట్టుకుని ఉంటే ప్రతి ఫ్రేములోకీ సమానమైన వెలుగు వచ్చేది. పొరపాటని ఎలా చెప్పగలుగుతున్నానంటే, అదే గదిలో ఎదుటివైపు నుంచి తీసిన షాటులో పట్టీలు లేవు, ఆ వెలుగుకు తగిన శబ్దమూ లేదు. కావాలని చేసినవారు ఏదో ఒక చోట దానిని మళ్ళీ వాడుకుంటారు. చెరువు గట్టు మీది "రాత్రి" కూడా ఇలాంటిదే. పగలు తీసి నీలంగా ముదురు చేశారు, తాటిచెట్ల నీడలు నేల మీద గీత గీసినంత స్పష్టంగా ఉన్నాయి. సూర్యుడు దిగాక, పూర్తిగా చీకటి పడకముందు దొరికే ఇరవై నిమిషాల్లో తీసి ఉంటే సరిపోయేది. విద్యార్థుల పనిలో ఇటువంటివి తప్పవు, ఎత్తిచూపడంలో గొప్పేమీ లేదు. కానీ పొరపాటును టెక్నిక్‌గా పొగిడితే, చదివేవారికి మీరు నిజంగా పట్టుకున్న టెక్నిక్‌ల మీద కూడా నమ్మకం పోతుంది.

పరుగు భాగం గురించి ఒక మాట. 16 ఫ్రేముల షాటులో చూడవలసిన వస్తువు ఎక్కడుందో వెతుక్కునే వ్యవధి కంటికి ఉండదు. వాల్టర్ మర్చ్ అనే ఎడిటరు మంచి కట్‌కు ఆరు కొలతలు చెప్పి, భావానికి 51 శాతం, కథకు 23 శాతం ఇచ్చి, ప్రేక్షకుడి చూపు ఎక్కడ ఉందన్నదానికి 7 శాతమే ఇచ్చాడు. మామూలు సన్నివేశంలో ఆ లెక్క సరైనదే. ఇలాంటి పరుగులో మాత్రం ఆ 7 శాతమే ముందుకు వస్తుందని నా అనుభవం. ఈ ట్రైలరులో మొదటి పది పన్నెండు షాట్లలో వెలుగు అంతా ఫ్రేముకు కుడివైపే ఉంది: టార్చి, కిటికీ, కన్ను, తాళం. చూపు కదలనక్కరలేదు. ఆ తరువాత ఆ క్రమం చెదిరి, అమ్మాయి చేతిలో ఏముందో నాకు నాలుగోసారి చూసినప్పుడు గాని తెలియలేదు. అది అన్న చేతి గడియారం. కథకు అంత ముఖ్యమైన వస్తువు ప్రేక్షకుడికి అందకుండా పోయింది.

టైటిల్ కార్డులను నేను పొగడలేను. "ఒక ఊరు", "ఒక రహస్యం", "ఒక రాత్రి" అన్న మూడు కార్డులూ బొమ్మలు అప్పటికే చెప్పేసినదానినే మళ్ళీ చెబుతాయి. పైగా ప్రతి కార్డుకూ ఒక ఢామ్. ఇందాక చెప్పినట్టు తీసేసి చూడండి, ఏమీ పోదు. డచ్ యాంగిల్స్ కూడా అంతే, ఆరు చోట్ల ఫ్రేము వాల్చారు, ఒక్కచోట కూడా ఎందుకో చెప్పలేను. భోజనం దగ్గర లైన్ క్రాస్ అయిందని (ఇద్దరి మధ్య ఊహించుకునే గీతను కెమెరా దాటి అవతలి పక్కకు వెళ్ళిందని) మీరు తప్పు పట్టారు గాని, మధ్యలో టాప్ యాంగిల్ వచ్చింది కనుక చూసేవారికి దిక్కు తప్పదు. దానిని వదిలేయండి.

మొదట్లో వాయిదా వేసిన సంగతి ఇప్పుడు చెబుతాను. మామూలు ట్రైలరు వెనుక ఒక సినిమా ఉంటుంది. ఎడిటరు రెండు గంటల సరుకులోంచి ఏది దాచాలో ఎంచుకుంటాడు, ప్రేక్షకుడు టికెట్టు కొని ఆ దాచినదానిని చూస్తాడు. అమెరికాలో 2014లో థియేటర్ల యజమానుల సంఘం ట్రైలరు 2 నిమిషాలు మించకూడదని మార్గదర్శకాలు పెట్టడానికి వెనుక, ట్రైలర్లు కథంతా ముందే చెప్పేస్తున్నాయన్న ఫిర్యాదు కూడా ఉంది. విద్యార్థుల ట్రైలరుకు ఆ బాధ లేదు, చెప్పేయడానికి కథే లేదు. కానీ దానికి మరో బాధ ఉంది. అడిగిన ప్రశ్నకు జవాబు తమ దగ్గర కూడా లేదని ప్రేక్షకుడికి అనుమానం రాకుండా చూసుకోవాలి. చాలా విద్యార్థి ట్రైలర్లు ఇక్కడే బోర్లాపడతాయి. ముసుగు మనిషి, రక్తం, కేక, గోడ మీద రాత, వీటిలో ఏ రెంటికీ సంబంధం ఉండదు. ఈ ట్రైలరు అడిగినది ఒకే ప్రశ్న, మూడో కంచం ఎవరిది అన్నది. కూత, ముడుపు, తలుపు, గడియారం అన్నీ ఆ కంచం చుట్టూనే తిరుగుతాయి. టైటిలు పడ్డాక వచ్చే చివరి 4 సెకన్లను చూడండి. సంగీతం లేదు, అరుపు లేదు, మొదట్లో విన్న కీచురాళ్ళే. నేల మీద అదే మూడో కంచం. సగం అన్నం తినేసి ఉంది. ఎవరు తిన్నారో చెప్పలేదు, కానీ ఎవరో తిన్నారన్నది జవాబులో సగం. వెనుక సినిమా ఉందని నమ్మించడానికి ఆ సగం చాలు.

కొత్త ట్రైలరు కట్ చేసినప్పుడల్లా నేను గదిలోకి టీ తెచ్చే అబ్బాయికి చూపించి, "బాగుందా" అని కాకుండా "తరువాత ఏమవుతుంది?" అని అడిగేవాణ్ణి. బాగుందా అంటే ఎవరైనా బాగుందనే అంటారు. మీరూ ట్రైలరు చూడని ఇద్దరు ముగ్గురికి చూపించి, 0:40 దగ్గర ఒకసారి, 1:24 దగ్గర ఒకసారి ఆపి ఇదే ప్రశ్న అడిగి, వారి మాటలను ఉన్నదున్నట్టు రాసుకోండి. మొదటిసారి అమ్మమ్మ మీద జాలిపడినవారు రెండోసారి ఆమెను అనుమానిస్తే, నేను ఈగను పట్టుకుని చెప్పినదానికి మీ దగ్గర సాక్ష్యం దొరికినట్టే. ఆ సాక్ష్యంతో కంచం, ముఖం, టార్చి, ముఖం అన్న నాలుగు షాట్ల మీద మొదటి పేరా రాయండి. తరువాత తలుపు, ఆ తరువాత కూత. మిగిలిన చోటులో భాష, ఎర్రగుడ్డ, పొరపాట్లు. నాలుగు పుటలు నిండుతాయి.

ట్రైలరు తీసినవారు మీ కాలేజీలోనే ఉన్నారు కనుక వారిని అడగవచ్చా అని మీ ప్రశ్న చివర రాశారు. అడగండి, కానీ వ్యాసం మొత్తం రాశాకే అడగండి. ముందే అడిగితే వారు చెప్పినది రాస్తారు గాని మీరు చూసినది రాయరు. అడిగినప్పుడు మాత్రం అమ్మమ్మ షాటు ఎన్ని టేకులు తీశారో కనుక్కుని నాకు కూడా ఒక మాట చెప్పండి.